రొమ్ము క్యాన్సరు – శస్త్రచికిత్స పిమ్మటి రక్తపరీక్షలు

రొమ్ము క్యాన్సరు పేరెత్తుటకైనను మన పెద్దలు జంకుచుండిరి. రాచపుండని మెల్లగా చెవిలో చెప్పుకొని, కొంగుతో కన్నులద్దుకొని యూరకుండెడివారు. ఆ కాలము మాఱినది. శస్త్రచికిత్సయు, మందులును, కిరణచికిత్సయు నానాట వృద్ధి నొందిన కారణమున, తొలిదశయందే వ్యాధిని కనుగొని చికిత్స పొందిన స్త్రీలలో పెక్కండ్రు స్వస్థులై, బిడ్డల పెండ్లిండ్లు చేసి, మనుమల నెత్తుకొనుచున్నారు. ఇది మిగుల సంతోషింపదగిన విషయము. కాని చికిత్స ముగించుకొని యింటికి వచ్చిన యా యిల్లాండ్రకు వేఱొక బాధ యారంభ మగుచున్నది. అది దేహబాధ కాదు. "ఇది మరల వచ్చునేమో" యను చింత. వైద్యుడు కుట్లు విప్పును గాని యీ చింతను విప్పలేడు.

ఈ చింతకు మందుగా నేడు పలువు రాశ్రయించునది రక్తపరీక్ష. మూడు మాసముల కొకసారి రక్తము తీయించుట, కాగితముపై నొక యంకె వచ్చుట, ఆ యంకె తగ్గినచో దేవునికి దీపము పెట్టుట, పెరిగినచో నింటిల్లిపాదియు నన్నము మానుట—ఇట్లు కొన్ని కుటుంబములలో జీవితమంతయు నొక యంకెను చుట్టుకొని తిరుగుచున్నది. ఈ పరీక్ష లెట్టివి? ఇవి చెప్పగల దేమి, చెప్పలేని దేమి? ఏ బాధయు లేక యారోగ్యముగా నున్న స్త్రీకి వీనివలన మేలు కలదా? ఈ సంగతులు ప్రతి యిల్లాలును తెలిసికొనవలసినవని తలంచి మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పరీక్ష యనగా నేమి?

మన శరీరమునందలి కణములు తమలోని కొన్ని పదార్థములను రక్తములోనికి విడుచుచుండును. క్యాన్సరు కణములును నట్లే విడుచును. వానిలో కొన్ని క్యాన్సరున్నపుడు మిక్కుటముగా నుండుటచే వైద్యులు వానిని ట్యూమరు మార్కర్లనుచున్నారు. మనము వానిని వ్యాధిచిహ్నములని చెప్పుకొందము.

వీనిలో తొలుత ప్రసిద్ధికి వచ్చినది సి.ఇ.ఏ. కెనడా దేశపు మాంట్రియల్ నగరమున ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అను పరిశోధకులు 1965వ సంవత్సరమున దీనిని పెద్దప్రేవు క్యాన్సరునందు కనుగొనిరి. గర్భములోని శిశువు ప్రేవులయందును నీ పదార్థమే యుండుట వారికి కనబడినది. తరువాత నితర క్యాన్సరులందును నిది పెరుగునని తెలిసినది.

రొమ్ము క్యాన్సరు విషయమున హెచ్చుగా వాడబడునది సి.ఏ. 15–3. ఈ పేరు బీజాక్షరమువలె భయము గొల్పును గాని దాని పుట్టుక సులభముగనే తెలియును. గ్రంథుల నాళములలోపలి కణములమీద ఎం.యు.సి.1 అను నొక మాంసకృత్తు కలదు. దానిని రక్తములో పట్టి కొలుచుటకు రెండు ప్రతిరక్షకములను వాడుదురు. ఒకదాని పేరు 115డి8. రెండవదాని పేరు డి.ఎఫ్.3. మొదటిదానినుండి 15ను, రెండవదానినుండి 3ను దీసికొని 15–3 అని పేరు పెట్టిరి. ఇందొక వింత కలదు. ఆ 115డి8 అను ప్రతిరక్షకమును తయారు చేసినది తల్లిపాలలోని వెన్నబిందువులను గప్పియుండు పొరను ఆధారముగా జేసికొని. చల్ల చిలుకు నిల్లాలికి వెన్నబిందువులను గూర్చి వేఱుగ జెప్పనక్కఱలేదు. బిడ్డకు పాలిచ్చు దేహములో సహజముగ నుండు పదార్థమునే యీ పరీక్ష కొలుచుచున్నదని యిందువలన గ్రహింపవచ్చును. కావున సి.ఏ. 15–3 క్యాన్సరునకే చెందిన విషము కాదు. ఆరోగ్యవతి రక్తమునందును కొంత యుండును. సి.ఏ. 27.29 అనునదియు నీ మాంసకృత్తునే మఱియొక రీతిని కొలుచు పరీక్ష.

మిల్లీలీటరు రక్తద్రవములో సి.ఏ. 15–3 సుమారు 25 మొదలు 30 యూనిట్లలోపల నున్నచో సామాన్యమని పలు పరీక్షాశాలలవారు వ్రాయుదురు. అయితే యీ హద్దు యంత్రమును బట్టియు, పద్ధతిని బట్టియు మాఱును. ఒక యూరిలో చేయించిన పరీక్షయందు 22 వచ్చి, వేఱొక యూరిలో చేయించినపుడు 28 వచ్చినంతమాత్రమున వ్యాధి పెరిగినదని తలపరాదు. సోలతో కొలిచిన బియ్యమును తవ్వతో కొలిచి లెక్క తప్పినదన్న నెట్లుండును?

పొగయు నిప్పును

తర్కశాస్త్రమును కొంచెమైన చదివినవా రెల్లరును కొండమీది పొగను జూచి యచట నిప్పు గలదని యూహించు నుదాహరణము నెఱుగుదురు. వంటయింటిలో పొగయు నిప్పును గలిసియుండుట మనము నిత్యము చూచుచుందుము. కావున పొగ కనబడినచో నిప్పున్నదని నిశ్చయింతుము. కాని తర్కము నేర్పు గురువు లచటనే రెండు హెచ్చరికలు చేయుదురు. కొండమీద కనబడునది పొగ కాక తెల్లవాఱుజామున గ్రమ్మిన మంచైనచో మన యూహ తప్పును. మఱియు నెఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నను పొగ యుండదు. పొగ లేదు గనుక నిప్పును లేదనుకొని దానిని తాకినచో చేయి కాలును. రక్తపరీక్షకు నీ రెండు దోషములును గలవు.

మొదటిది మంచును పొగ యనుకొనుట. సి.ఏ. 15–3 క్యాన్సరు లేకున్నను పెరుగవచ్చును. కామెర్లు మొదలగు కాలేయవ్యాధులలో పెరుగును. రొమ్మునందు క్యాన్సరు కాని గడ్డ లున్నపుడును, క్షయ మున్నపుడును పెరుగుట కలదు. బి12 విటమిను లోపమువలన కలుగు రక్తహీనతలోను నిది పెరుగునని వైద్యులు కనుగొనిరి. మాంసాహారము ముట్టని మన యిండ్లలో నీ లోప మరుదు కాదు. ఇక సి.ఇ.ఏ. సంగతి. ఇది పొగ త్రాగువారిలో సహజముగనే హెచ్చుగా నుండును. మన యుత్తరకోస్తా పల్లెలలో అడ్డపొగ త్రాగు ముసలమ్మకు సి.ఇ.ఏ. పెరిగినదన్న, ముందుగ చుట్టను జూడవలెను గాని క్యాన్సరును కాదు.

మే మెఱిగిన యొక యిల్లాలి సంగతి చెప్పెదము. ఆమెకు శస్త్రచికిత్స జరిగి నాలు గేండ్లైనది. ఏ బాధయు లేదు. ఒక పరీక్షాశాలవారి ప్రకటన జూచి కుమారుడు తల్లిమీది ప్రేమచే రక్తము తీయించెను. అంకయ్యె 41. అంతకు ముందేట 24. ఆ సాయంకాలము మొదలు మూడు వారములు ఆ యింట పొయ్యి వెలిగినను అన్నము సహించినవారు లేరు. కుదిరిన కూతురి పెండ్లిమాటలు నిలిచిపోయినవి. ఒక నగరమున దేహమంతయు స్కాను తీయించిరి; వేలకొలది రూపాయలు వ్యయమైనవి. ఎచ్చటను క్యాన్సరు కనబడలేదు. తుదకొక వృద్ధవైద్యు డామె కనురెప్ప క్రిందకు లాగి పాలిపోయిన రంగు జూచి, బి12 పరీక్ష చేయించి, మిగుల తక్కువగా నున్నదని చెప్పి, సూదిమందు లిచ్చెను. కొన్ని మాసములకు రక్తము పట్టినది, అంకెయు దిగినది. కుమారునిది తప్పనలేము, ఆతనిది ప్రేమయే. కాని యా మూడు వారముల భయమును ఏ పద్దులో వ్రాసికొందుము?

రెండవది కాలిన యినుపగుండు. క్యాన్సరు మరల వచ్చినను సి.ఏ. 15–3 పెరుగకుండుట కలదు. శస్త్రచికిత్స జరిగినచోటనే, లేక చంకలోనే చిన్నగడ్డగా వచ్చినపుడు రక్తములో పెరుగుద లంతగా కనబడదు. ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయమునకు వ్యాపించినపుడైనను అందఱిలోను పెరుగదు. ఇందు హెచ్చు ప్రమాద మున్నది. అంకె సామాన్యముగా నున్నదను ధైర్యముతో, చేతికి తగిలిన గడ్డను "పరీక్షలో నేమియు లేదు గదా" యని యుపేక్షించిన స్త్రీ నిజముగ నష్టపోవును. అనవసరభయము కంటె ననవసరధైర్యము చెడ్డది.

ముందుగా తెలిసిన మేలు కాదా?

చదువరు లిచ్చట నొక ప్రశ్న వేయుదురు. "పరీక్ష కొన్నిమార్లు తప్పినను తప్పనిండు. నిజముగ వ్యాధి మరల వచ్చుచున్నపుడు, బాధ కలుగుటకు ముందే తెలిసినచో చికిత్స త్వరగా చేసి ప్రాణము నిలుపవచ్చును గదా?" ఈ ప్రశ్న న్యాయమైనది. తొలిసారి క్యాన్సరు విషయమున శీఘ్రముగ గుర్తించుట మేలని మన మందఱమును విని యుంటిమి. మరల వచ్చుటకు నదే న్యాయమని తోచుట సహజము.

సత్య మిట్లున్నది. మరల వచ్చుట రెండు విధములు. శస్త్రచికిత్స జరిగిన రొమ్మునందో, రెండవ రొమ్మునందో, చంకలోనో చిన్నదిగా వచ్చుట యొకటి. దీనిని ముందుగ గుర్తించుటవలన మేలు కలదు. స్వస్థత కాశ యున్నది. కాని దీనిని పట్టునది రక్తపరీక్ష కాదు. వైద్యుని చేయియు, మామోగ్రామును. దూరపు టవయవములకు వ్యాపించుట రెండవది. రక్తపరీక్ష కొన్నిమార్లు బాధకంటె కొన్ని నెలలు ముందుగ జెప్పున దీనినే. ఇట్లు వ్యాపించిన వ్యాధిని నేటి మందులు చాలకాలము అదుపులో నుంచగలవు; కాని సాధారణముగ నిర్మూలింపజాలవు. ఆ మందులను కొన్ని నెలలు ముందుగ మొదలిడినంతమాత్రమున నాయువు పెరుగునా యనునదియే యసలు ప్రశ్న.

దీనిని ఇటలీదేశపు వైద్యులు పరీక్షించి చూచిరి. 1994వ సంవత్సరమున రెండు పెద్ద పరిశోధనల ఫలితములు అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడినవి. అందొకదానిలో 20 ఆసుపత్రులలో చికిత్స పొందిన 1,320 మంది స్త్రీలను రెండు వర్గములుగ జేసిరి. ఒక వర్గమువారికి బాధ యున్నను లేకున్నను నియమముగ నెముకల స్కాను, కాలేయపు అల్ట్రాసౌండు, ఛాతి ఎక్స్‌రే, రక్తపరీక్షలు చేసిరి. రెండవ వర్గమువారిని వైద్యు లన్నిసార్లే చూచిరి గాని, ఏదైన లక్షణము కనబడినపుడు మాత్రమే పరీక్షలు చేయించిరి. మామోగ్రా మిరువర్గములకును గలదు. సుమా రారేండ్లు గడచిన పిమ్మట మొదటి వర్గములో మరణించినవారు 132 మంది, అనగా నూటికి 20. రెండవ వర్గములో 122 మంది, అనగా నూటికి 18. పరీక్షలు హెచ్చుగ జేయుటవలన నొక్క ప్రాణమైనను నిలిచిన జాడ లేదు. రెండవ పరిశోధనలో 1,243 మంది స్త్రీలు. అందు నాఱు నెలల కొకసారి ఛాతి ఎక్స్‌రేయు, ఎముకల స్కానును తీసిన వర్గములో వ్యాధి కొంచెము ముందుగ తెలిసిన మాట నిజమే. కాని యైదేండ్లకును, పదేండ్లకును మరణముల సంఖ్యలో భేదము కనబడలేదు.

ఈ పరిశోధనలు ముఖ్యముగ స్కానులను గూర్చినవి. అయినను రక్తములో నంకె పెరిగిన పిమ్మట జరుగునది యా స్కానులే కనుక, వీని తీర్పు రక్తపరీక్షలకును వర్తించునని పెక్కుమంది వైద్యులు తలంచిరి. రైలు వచ్చు వేళ మనకు ముందుగ తెలిసినంతమాత్రమున రైలు నిలిచిపోదు; మనము ప్లాట్‌ఫారముమీద వేచియుండు కాలము మాత్రము పెరుగును. ఏ బాధయు లేని స్త్రీ సుఖముగ గడపవలసిన యా కొన్ని నెలలు "నాకు వచ్చినది" యను దుఃఖముతోను, మందుల బాధతోను గడచును.

ఈ కారణములచే అమెరికాలోని క్యాన్సరు వైద్యులసంఘము 2012వ సంవత్సరమున, వైద్యులు చేయకుండుటయే మేలని చెప్పిన యైదు విషయములలో దీనినొకటిగ జేర్చినది: స్వస్థత కొఱకు చికిత్స పొంది, ఏ లక్షణమును లేని రొమ్ము క్యాన్సరు స్త్రీలకు వ్యాధిచిహ్నముల రక్తపరీక్షలును, స్కానులును నియమముగ చేయవలదని. మన దేశమునను, ఐరోపాయందును కొందఱు వైద్యు లీ పరీక్షలను నేటికిని వ్రాయుచున్నారు. అట్టి సమయమున "అయ్యా, ఈ యంకె పెరిగినచో మీ రేమి చేయుదురు? ఇప్పుడు చేయుచున్నదానికంటె వేఱుగ నేమి చేయుదురు?" అని వినయముగ నడుగుట మన హక్కు. మంచి వైద్యు డీ ప్రశ్నకు కోపింపడు.

క్రొత్త పరీక్షల మాట

ఇటీవల పత్రికలలో మఱియొక పరీక్షను గూర్చి విరివిగ వ్రాయుచున్నారు. క్యాన్సరు కణములు నశించునపుడు వాని డి.ఎన్.ఏ. తునుకలు రక్తములో తేలుచుండును. వానిని పట్టుకొనుటయే యీ పరీక్ష. రక్తద్రవములో నిట్టి పదార్థ ముండునని 1948వ సంవత్సరముననే ఫ్రాన్సుదేశపు స్ట్రాస్‌బర్గు నగరమున మాండెల్, మెతె అనువారు చూపిరి. క్యాన్సరుదానిని వేఱుచేసి గుర్తించు నేర్పు మాత్రము మన కాలమున వచ్చినది. ఇది సి.ఏ. 15–3 కంటె సూక్ష్మమైనది. ఆమె క్యాన్సరునకే చెందిన గుర్తును వెదకును.

ఇందు నాశ గలదు. కాని యాశ వేఱు, ఋజువు వేఱు. బ్రిటనుదేశమున హార్మోను మందులు పనిచేయని ట్రిపుల్ నెగటివ్ జాతి రొమ్ము క్యాన్సరుగల 161 మందిని మాటిమాటికి నీ పరీక్షతో గమనించిరి. 2023లో ప్రకటించిన ఫలిత మిది. ఏడాదిలోపల 44 మందిలో గుర్తు కనబడినది. చికిత్స వర్గమునకు చెందిన 32 మందికి స్కాను తీయగా 23 మందికి వ్యాధి యప్పటికే వ్యాపించియున్నది. పెంబ్రోలిజుమాబ్ అను మందు నారంభించిన యైదుగురిలో నెవరికిని రక్తమునుండి యా గుర్తు నిలుకడగ తొలగలేదు. పరీక్ష నిజమునే చెప్పినది. ఆ నిజమును విని చేయదగిన మేలు మాత్ర మప్పటికి దొరకలేదు. జర్మనీదేశమున 3,500 మంది స్త్రీలను చేర్చుకొనదలచి 2022లో నారంభించిన పరిశోధనలో, రక్తపరీక్షల ననుసరించి గమనించినచో నాయువు పెరుగునా యను విషయమునే విచారింపబూనిరి. వ్యాధిచిహ్నములును, డి.ఎన్.ఏ. పరీక్షయు రెండు నందు జేరినవి. ఇట్టి విచారణ తేలువఱకు నీ పరీక్షను పరిశోధనలో భాగముగ చేయించుకొనుట యుచితము. అప్పు చేసి యంగడిలో కొనుట యుచితము కాదు.

రక్తపరీక్ష కావలసిన దెవరికి?

ఇంత చెప్పినందున రక్తపరీక్ష లన్నియు నిష్ప్రయోజనములని యెవరును తలపవలదు. వ్యాధి వ్యాపించెనని నిశ్చయమై మందులు వాడుచున్న స్త్రీకి సి.ఏ. 15–3, సి.ఇ.ఏ. పరీక్షలు స్కానులకు తోడుగ నుపకరించును. మందు పనిచేయుచున్నదా లేదా యని తెలిసికొనుటకు సాయపడును. అప్పుడైనను క్రొత్తమందు మొదలిడిన తొలి నాలుగైదు వారములలో నంకె తాత్కాలికముగ పెరుగవచ్చును. దానికి బెదరి మందు మానరాదు. ఎముకల నొప్పియో, మఱియొక లక్షణమో కనబడినపుడు వైద్యుడు కారణము తెలిసికొనుటకు పరీక్షలు వ్రాసిన, అవియు చేయింపవలసినవే. రక్తహీనత, కాలేయము, మధుమేహము, కొవ్వు మొదలగు వానిని చూచు సాధారణ పరీక్షలు వేఱు. అవి చేసికొనువారి వయస్సును, మందులను బట్టి యవసర మగును. మేము వలదనునది, ఏ బాధయు లేని స్త్రీ కేవలము భయముచే నంకెను వెదకికొని పోవుటను మాత్రమే.

మఱి చేయవలసిన దేమి?

మొదటిది, మందు మానకుండుట. హార్మోను గ్రాహకములు గల జాతి క్యాన్సరైనచో వైద్యులు టామోక్సిఫెనో, ముట్లుడిగినవారికి లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటి మాత్రలో యైదేండ్లును, కొందఱికి పదేండ్లును వాడుమందురు. టామోక్సిఫెన్ అయిదేండ్లు వాడిన స్త్రీలలో తొలి యైదేండ్లలో వ్యాధి మరల వచ్చుట దాదాపు సగమునకు తగ్గెననియు, పదునైదేండ్లలో నా వ్యాధిచే మరణము లించుమించు మూడవవంతు తగ్గెననియు, ఆక్స్‌ఫర్డు పండితులు పెక్కు పరిశోధనలను కలిపి లెక్కించి 2011లో తెలిపిరి. ఏ రక్తపరీక్షయు నింత మేలు చేసినట్లు ఋజువు లేదు. అయినను మన స్త్రీలలో పలువురు రక్తపరీక్షకు పరుగెత్తి, మాత్ర మాత్రము మఱతురు. ఒడలు వేడెక్కుచున్నదనియు, కీళ్లు నొచ్చుచున్నవనియు వైద్యునికి చెప్పక మానివేయుదురు. తులసికోటకు నీరు పోయుట మఱవని యిల్లాలు మాత్ర మఱవరాదు. బాధ యున్నచో వైద్యునితో చెప్పిన, మాఱుమందు గలదు. టామోక్సిఫెన్ వాడుచుండగా, ముట్లుడిగిన పిమ్మట మరల రక్తము కనబడినచో సిగ్గుపడక వెంటనే చూపించుకొనవలెను.

రెండవది, నియమముగ వైద్యునికి కనబడుట. తొలి మూడేండ్లలో మూడు మొదలు ఆఱు నెలల కొకసారియు, నాలుగు, ఐదు సంవత్సరములలో ఆఱు మొదలు పండ్రెండు నెలల కొకసారియు, అటుపిమ్మట నేట నొకసారియు చూపించుకొనవలెనని వైద్యసంఘములు చెప్పుచున్నవి. మిగిలిన రొమ్మునకు నేట నొకసారి మామోగ్రాము తీయించవలెను. రొమ్మును నిలిపి గడ్డను మాత్రమే తీసినవారు ఆ రొమ్మునకును తీయించవలెను. కిరణచికిత్స ముగిసిన యాఱు నెలలలోపల తొందరపడ నక్కఱలేదు. ఐదేండ్లు దాటినంత మాత్రమున నంతయు ముగిసినదని తలపరాదు. హార్మోను గ్రాహకములు గల క్యాన్సరు ఇరువదియేండ్ల వఱకును మరల వచ్చుట కలదని 2017లో ప్రకటించిన పెద్ద పరిశోధన తెలిపినది.

మూడవది, దేహము చెప్పు మాట వినుట. శస్త్రచికిత్స మచ్చమీదనో, చంకలోనో, మెడలోనో గడ్డ తగులుట, రొమ్మునందో ఛాతిమీదనో చర్మ మెఱ్ఱబాఱుట, పొక్కులు లేచుట, ఒకేచోట నిలిచి రాత్రులయందును వదలని యెముకల నొప్పి, తగ్గని దగ్గు, ఆయాసము, కారణము లేక చిక్కిపోవుట, ఆకలి మందగించుట, కన్నులు పచ్చబడుట, మానని తలనొప్పి, మూర్ఛ, కాలుసేతుల బలహీనత—ఇవి కనబడి రెండు మూడు వారములలో తగ్గనిచో తదుపరి తేదీ వచ్చువఱకు వేచియుండక వైద్యునియొద్దకు పోవలెను. మూర్ఛ, ఆయాసము, కాళ్లు చచ్చుబడుట వంటివైనచో నొక్క దినమైనను ఆగరాదు. ప్రతి నొప్పియు క్యాన్సరు కాదు. మడికట్టుకొని బిందెలు మోసిన వెన్ను మఱునాడు నొచ్చుట సహజమే. తగ్గనిది, పెరుగునది, క్రొత్తది—ఈ మూడును గుర్తుంచుకొన్న చాలును.

ఇంటివారికి రెండు మాటలు

భార్యకో, తల్లికో, అత్తగారికో యీ వ్యాధి వచ్చినపుడు పురుషులు తమ ప్రేమను చూపు మార్గము తెలియక డబ్బు ఖర్చుపెట్టుటయే ప్రేమయనుకొందురు. దేహ మంతటికిని పరీక్షలని ప్రకటించి, వ్యాధిచిహ్నముల నందు గలిపి యమ్ము పరీక్షాశాలలు నేడు పట్టణములలో పెక్కులు గలవు. ఇంటికే వచ్చి రక్తము తీసికొని పోవుదురు. ఆ డబ్బుతో నామెను నియమముగ వైద్యునియొద్దకు తీసికొని పోయి, మాత్ర లయిపోకముందే తెచ్చిపెట్టి, శస్త్రచికిత్స జరిగిన వైపు చేయి వాచినచో చూపించి, దినమున కొక గంట యామెతో నడచినచో నంతకంటె మేలు కలదు. "అంకె యెంత వచ్చినది?" అని యడుగుటకు మాఱు "నేడు నీ కెట్లున్నది?" అని యడిగిన, ఆమె మనసు కుదుటపడును.

స్త్రీల దుఃఖమునుండియే యొక గొప్ప వైద్యశాల పుట్టిన సంగతి యిచ్చట స్మరింపదగినది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు క్యాన్సరుచే తన చెల్లెలు మరణించుట చూచిరి. అప్పటినుండి ఆ దుఃఖమును కడుపులో దాచుకొని పట్టుదలతో పనిచేసి, భారత మహిళాసంఘము పక్షమున 1954లో మద్రాసునందలి అడయారులో క్యాన్సరు వైద్యశాలను స్థాపింపజేసిరి. నెల్లూరు, చిత్తూరు మొదలగు చోట్లనుండి మన తెలుగు స్త్రీలును నచటికి పోవుచుందురు. భయమును భయముగనే మోసినచో నది కన్నీరగును. దానిని పనిగ మార్చుకొన్న నది పదుగురికి నీడ నిచ్చును.

సోదరీమణులారా! క్యాన్సరును జయించి యింటికి వచ్చిన స్త్రీకి దైవము మరల నిచ్చినది జీవితమును. అంకెల పుస్తకమును కాదు. ఆ జీవితమును మూడేసి నెలల ముక్కలుగ కోసి, ప్రతి ముక్క చివర నొక కాగితమునకై వణకుచు గడపుట న్యాయము కాదు. మాత్ర మానకుడు, ఏటేట మామోగ్రాము తీయించుకొనుడు, వైద్యునికి చూపించుకొనుడు, దేహమున క్రొత్తది కనబడిన దాచకుడు. ఇవి చేసిన పిమ్మట మిగిలిన దినములను భయమునకు గాక, మీకును మీ బిడ్డలకును ఇండు.